పెచ్చులూడిన హెరిటేజ్

భీమరాజు గారి ముందు దేన్నైనా పాతబడిందన్నామో, మన పని అయిపోయినట్టే. "పాతది కాదండీ, హెరిటేజ్!" అంటారు.

ఈ జబ్బు ఆయనకి థాయ్‌లాండ్‌లో అంటుకుంది. కువైటీ ఇంట్లో వంట చేసే రోజుల్లో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, కుటుంబంతో వెళ్లి, అయుత్థయ అనే పాత రాజధాని శిథిలాల పక్కన ఓ రిసార్టులో ఉన్నారు. శిథిలాలకి తగ్గట్టు దాని గోడలకీ సున్నం వెయ్యకుండా వదిలేశారట.

"ఆ మొండిగోడల కోసం దొరలు విమానమెక్కి వస్తారండీ బాబూ!"

ఎనభై నాలుగులో ఆయన మా కంపెనీ మెస్సులో చేరి, కువైట్‌లోని ఫహాహీల్‌లో మా గదికొచ్చి పడ్డారు. అప్పటికే మా గోడ పెచ్చులు అన్నంలో రాలుతున్నాయి.

"మేస్త్రీని పంపమని కంపెనీకి చెబుదామండీ" అన్నాను.

"ముట్టుకోకండి. అయుత్థయలో ఇలాంటి గదికి అద్దె ఎక్కువ."

కుళాయి కారితే హెరిటేజ్. తలుపు కిర్రుమంటే హెరిటేజ్. ఏసీ ఆగిపోయిన రోజు మా గదిలోనే ఉండే అబ్బులు చొక్కా విప్పి నేలకేసి కొట్టాడు.

"ఇదీ హెరిటేజేనాండీ?"

"రాజుల కాలంలో ఏసీలున్నాయా అబ్బులూ?"

ఆ రోజు ఆయన్ని కొట్టకపోవడం మా మంచితనం. ఫిర్యాదు రాయబోతే కాగితం లాక్కుని, మర్నాడు షువైఖ్ నుంచి తనకి తెలిసిన మెకానిక్‌ని పట్టుకొచ్చారు.

ఆ గది నలుగురికి. ఐదోవాడు కడప చిన్నపుల్లయ్య. పాత కఫీల్ వదిలేశాడు, దేశంలో ఉండటానికి కావాల్సిన ఇఖామా కార్డు లేదు. కొత్త కఫీల్ దొరికేలోగా ఎవరి కంటైనా పడితే ఇంటికి పంపేస్తారు. మంచం లేక గోడవారన నేల మీద పడుకునేవాడు కాబట్టి పెచ్చులన్నీ వాడి మీదే రాలేవి. వాడు మాత్రం నోరెత్తేవాడు కాదు.

ఓ సాయంత్రం పుల్లయ్య రొప్పుతూ వచ్చాడు. "అన్నా, ఇఖామా వచ్చినాదన్నా!" తెల్లారగానే పెట్టె పట్టుకుని కొత్త కఫీల్ దగ్గరికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికల్లా భీమరాజు గారే మేస్త్రీని తీసుకొచ్చారు! వెనకాలే కంపెనీ సూపర్‌వైజరు. గోడ కంటే ముందు మంచాలూ, మనుషులూ లెక్క చూసుకుని వెళ్లాడు.

"మరి హెరిటేజ్ ఏమైందండీ?" అని అరిచాను.

"రిపేరంటే సూపర్‌వైజరు రాకుండా ఉంటాడేంటండీ? వస్తే పుల్లయ్యని ఎక్కడ దాచమంటారు?"

"ఆ ముక్క మాకు చెప్పొచ్చుగా!"

"చెబితే ఏసీ ఆగిన రోజు మీరంతా పుల్లయ్య మీద విసుక్కునేవారండీ. నా మీద విసుక్కుంటే పోయేదేవుందండీ? ఆయ్."

ఆ మనిషి మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

శుక్రవారం పుల్లయ్య మమ్మల్ని చూడ్డానికొచ్చాడు. భీమరాజు గారు రిసార్టు కథ ఎత్తుకున్నారు. మొట్టమొదటిసారి ఎవరం లేవకుండా చివరిదాకా విన్నాం. అయిపోయిందని ఊపిరి పీల్చుకుంటుండగా పుల్లయ్య అన్నాడు:

"భలే ఉండాది. మల్లా మొదట్నించి చెప్పన్నా!"

వాణ్ణి అప్పుడే పట్టిచ్చేయాల్సింది.