లైసెన్సు ఒప్పందం మొత్తం చదివిన బాబాయి

మా బాబాయి కంటికి అక్షరం కనబడితే పైకి చదివి తీరతాడు. మనసులో చదువుకోవడం ఆయన దృష్టిలో దొంగతనం. సబ్బు కవరు మీద తయారీ తేదీ, లిఫ్టులో "ఆరుగురికి మాత్రమే", బస్సులో "నడుస్తున్న బండి దిగరాదు", దేన్నీ వదలడు. ఎదురింటి గేటు మీద "కుక్క ఉన్నది జాగ్రత్త" అని రాసి ఉంటుంది. ఆ కుక్క పోయి చాలాకాలమైంది. అయినా రోజూ రెండుపూటలా ఆ గేటు దాటుతూ బాబాయి దాన్ని బతికిస్తూనే ఉంటాడు.

హోటలుకు వెళితే మరీ కష్టం. మెనూ మొదటి పేజీ నుంచి, చివర "బయటి తినుబండారాలు అనుమతించబడవు" వరకూ చదవాలి. ఆర్డరు రాసుకోవడానికి వచ్చిన సర్వరు పక్క రెండు బల్లలకు వడ్డించి తిరిగొచ్చినా ఆయన ఇంకా రెండో పేజీలోనే ఉంటాడు. మేమంతా తల పట్టుకుంటాం. పిన్ని ఒక్కతే ఓపిగ్గా విని, "నాకు ఇందాక మూడోది చదివారే, అది" అంటుంది.

వీధిలో ఆయనకు రేడియో అని పేరు పెట్టారు. కింది వాటాలో ఉండే దర్జీ ఆయన్ని చూడగానే తన కొట్టు బోర్డు వెనక్కి తిప్పేస్తాడు. రిటైరయ్యాక ఊసుపోక అని మా నాన్న, చాదస్తమని మా అమ్మ తేల్చేశారు. రెండేళ్ల కిందటి వరకూ ఆయన నోట్లోంచి మాట రావడమే గగనమన్న సంగతి అందరం మరిచిపోయాం.

పిన్నిది వేరే పిచ్చి. పదకొండేళ్లుగా నెలకోసారి నాలుగు పేజీల వీధి పత్రిక తీస్తుంది. ఎవరి కుళాయి కారుతోంది, ఎవరి గొడుగు ఎవరింట్లో ఉండిపోయింది, ఎవరి అమ్మాయి ఈత నేర్చుకుంది, అన్నీ అందులో ఉంటాయి. అదంతా పలకంత చిన్న ల్యాప్‌టాప్ మీద తనే టైపు చేస్తుంది. ఒక్క నెల కూడా తప్పలేదు.

ఒక శనివారం పొద్దున్నే బాబాయి ఫోన్ చేశాడు.

"అమ్మడూ, పిన్ని ల్యాప్‌టాప్‌లో అక్షరాలు మసకమసగ్గా వస్తున్నాయట. సోమవారానికి పత్రిక రావాలి. రాకపోతే ఇంక మానేస్తానంటోంది."

"మానేస్తానని కాదు," వెనక నుంచి పిన్ని గొంతు. "ఈ దిక్కుమాలిన మిషనుతో నావల్ల కాదంటున్నాను."

మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసేది నేనే. వెళ్లి తెరిచి చూస్తే కాస్త నెమ్మదిగా ఉంది తప్ప నాకు తేడా ఏమీ తెలియలేదు. ఆ మాటే అనబోతే బాబాయి అడ్డం తగిలాడు.

"చూడ్డాలూ పరీక్షలూ వద్దు. మొత్తం తుడిచేసి మళ్లీ మొదటి నుంచి వేసెయ్. ఆవిడకి ఇంక అనుమానం మిగలకూడదు."

బీరువాలోంచి చేతిరుమాల్లో చుట్టిన డిస్కు తెచ్చి, "ఎండ తగలనీయరాదు" అని చదివి, ల్యాప్‌టాప్‌ని నాలుగు పక్కలా తిప్పి చూశాడు.

"దీనికి నోరేదే?"

"ఇంత చిన్నదానికి డిస్కు పెట్టే చోటుండదు బాబాయ్. పెన్‌డ్రైవ్‌తో వేయాలి."

"మరి నోరు లేనిదానికి డిస్కెందుకిచ్చారు?"

"ఆ డిస్కు మీ పాత కంప్యూటర్‌ది."

ఆయన ఇంకోసారి చదివి చూసుకుని, నిజమేనని ఒప్పుకున్నాడు.

పిన్ని ఫైళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నా ల్యాప్‌టాప్ మీద ఇంకో పెన్‌డ్రైవ్‌ను సిద్ధం చేసి, దీనికి గుచ్చి, ముందు దాన్నే చదువుకోమని చెప్పి ఆన్ చేశాను. భాష ఎంచుకోమంది. మన భాష ఎక్కడుందో నాకు తెలుసు, కానీ బాబాయి జాబితా మొదటి నుంచి అందుకున్నాడు. ప్రపంచంలో ఉన్న భాషలన్నీ ఆ ముందుగదిలో వినబడ్డాక మా వంతు వచ్చింది.

తర్వాత లైసెన్సు ఒప్పందం. "అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కబోతే నా మణికట్టు పట్టుకున్నాడు.

"దేనికి అంగీకరిస్తున్నావు?"

"అందులో ఉన్నదానికి."

"ఏముంది అందులో?"

నాకు తెలియదు. ఇన్నేళ్లలో కొన్ని వందలసార్లు అంగీకరించి ఉంటాను, ఒక్కసారీ చదవలేదు. బాబాయి కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు. నేను భోజనం చేసి, ఒక కునుకు తీసి వచ్చేసరికి పదిహేడో నిబంధనలో ఉన్నాడు.

"పదకొండోది ఇంకోసారి చదవండి," వంటింట్లోంచి పిన్ని అంది. "అందులో ఏదో తిరకాసుంది."

మళ్లీ చదివాడు. తిరకాసు ఉంది కానీ మన జోలికి రాదని ఇద్దరూ తీర్మానించాక నన్ను నొక్కనిచ్చారు.

ఆ తర్వాతి పేజీ నేనైతే చూడకుండా దాటేసేదాన్ని. బాబాయి గంభీరంగా చదివాడు: "ఈ డ్రైవ్‌లోని సమాచారం యావత్తూ శాశ్వతంగా తొలగించబడుతుంది."

"నా పత్రికలు తీసిపెట్టావు కదే?" అంది పిన్ని.

"డాక్యుమెంట్లన్నీ తీశాను పిన్నీ."

"అవి డాక్యుమెంట్లలో ఉండవు. ఎవరూ తెరవకూడదని 'పాత గిన్నెలు' అని పేరు పెట్టి వేరేచోట దాచాను."

ఆ పాత గిన్నెలు నేను చూశాను, ఏ వంటల జాబితానో అనుకుని వదిలేశాను. అన్నీ ఆపి, పెన్‌డ్రైవ్ పీకి, పాత సిస్టమ్‌లోకి వెళ్లి, పదకొండేళ్ల పత్రికలు భద్రం చేసి, మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నాను. బాబాయి మళ్లీ భాషల జాబితా అందుకున్నాడు. ఈసారి నేనూ పక్కన కూర్చుని చివరిదాకా విన్నాను.

సాయంత్రం నాలుగింటికి పని పూర్తయింది. పిన్ని చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది. తన పత్రిక తెరిచింది. ముఖం తెర దగ్గరికి పెట్టింది, వెనక్కి తీసుకుంది, మళ్లీ దగ్గరికి పెట్టింది.

"మసక పోలేదే," అంది మెల్లగా.

నేను వంగి చూశాను. ప్రతి అక్షరమూ ముత్యంలా ఉంది. చెప్పబోయేంతలో బాబాయి, "అమ్మడూ, బాల్కనీలో బట్టలారాయి, తీద్దాం రా" అన్నాడు. తీగ మీద ఉన్నది ఒక్క తువ్వాలు.

"ల్యాప్‌టాప్‌లో ఏ లోపమూ లేదు బాబాయ్."

"తెలుసు. లోపం కళ్లలో ఉంది. రెండేళ్ల కిందట దగ్గుమందు అనుకుని నాకు షాంపూ పోసిచ్చింది. అప్పుడే తెలిసింది."

"తాగావా?"

"సగం. ఆ తర్వాత నురగొచ్చింది."

"మరి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లొచ్చుగా?"

"ఆ మాటెత్తితే ఒంటికాలి మీద లేస్తుంది. చూపు తగ్గిందని తెలిస్తే పత్రిక ఇంకెవరికైనా అప్పజెప్పమంటారని భయం. అందుకని చదవడం మొదలుపెట్టాను."

"అన్నీనా? కుక్క బోర్డు కూడానా?"

"మందుసీసా ఒక్కటే చదివితే తన కోసమని పసిగట్టేస్తుంది. కనబడిందల్లా చదివితే మొగుడికి పిచ్చనుకుంటుంది. పిచ్చే నయమనిపించింది." తువ్వాలు మడత పెడుతూ అన్నాడు. "ఆ మిషను మీద వేసిన నిందొక్కటే మిగిలింది. అది కాస్తా నువ్వు తీసేశావు. ఇంక ఆవిడే అర్థం చేసుకుంటుంది. నేను చెప్పక్కర్లేదు."

రేడియో అని వెక్కిరించినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు సిగ్గేసింది. ఆయన మీద చెప్పలేనంత ఇష్టమూ కలిగింది.

"ఒక్క తువ్వాలుకి ఇద్దరెందుకు?" గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. "నా చెవులు బాగానే ఉన్నాయి. సోమవారం పత్రిక పంచి, మంగళవారం కళ్లు చూపించుకుంటాను. సరేనా?"

ఆదివారమంతా బాబాయి చదివాడు, నేను టైపు చేశాను, పిన్ని కళ్లు మూసుకుని విని తప్పులు దిద్దింది. సోమవారం పత్రిక వచ్చింది. చివరి పేజీలో పిన్ని చెప్పి రాయించిన ప్రకటన: "సంపాదకురాలి కళ్లకు మరమ్మతు జరగనున్నది. వచ్చే సంచిక నాలుగు రోజులు ఆలస్యం కావచ్చు."

మంగళవారం పరీక్ష ఒక పట్టాన సాగలేదు. డాక్టరమ్మ గోడ మీది చార్టు చూపించి చదవమనగానే వెనక నుంచి బాబాయి గడగడా చదివేశాడు. పిన్ని తు.చ. తప్పకుండా అప్పజెప్పింది. "చూపు అద్భుతంగా ఉందే" అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, తర్వాత సంగతి గ్రహించి ఆయన్ని బయట కూర్చోబెట్టింది. శుక్లాలని తేలింది. ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్లకూ ఆపరేషన్ చేశారు.

అంతా మానాక ఆఖరిసారి చూపించుకోవడానికి ముగ్గురం వెళ్లాం. బాబాయి ఈసారి ఎవరూ చెప్పకుండానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. పిన్ని పై వరుస నుంచి అడుగు వరుస దాకా ఎక్కడా తడబడకుండా చదివింది.

"చాలండి, చాలా బాగుంది," అంది డాక్టరమ్మ.

పిన్ని ఆగలేదు. చార్టు అంచున చీమతలంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు చదివింది. దాని ఫోన్ నంబరు చదివింది. తలుపు మీద "నిశ్శబ్దం పాటించండి" అన్నది బిగ్గరగా చదివింది. బల్ల మీది చుక్కల మందు డబ్బా అందుకుని, "దీని గడువు పోయిన నెలతో అయిపోయిందండీ" అంది. డాక్టరమ్మ గబుక్కున దాన్ని తీసి చెత్తబుట్టలో పడేసింది.

నేను బ్యాగు భుజాన వేసుకుని లేవబోతే బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"తొందరేముందే, కూర్చో," అని తను కూడా కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంకా ఆ గోడంతా ఉంది."