పరీక్షనాటి ఎదురు

నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. మగ్గానికి నూలు కండెలు చుట్టమని రాట్నం ముందు కూర్చోబెడితే పది కండెలు కాకముందే లేచి వాకిట్లోకి పరిగెత్తేదాన్ని. నాయిన తల్లి, మా అవ్వ, నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఈ సంగతి రాయడానికి కూర్చుని కూడా ఇప్పటికి రెండుసార్లు లేచాను.

మా ఊరు నకిరేకల్‌కు రెండు మైళ్లు. అరవైల్లో మా బడిలో ఏడో తరగతి దాకా వచ్చిన ఆడపిల్లలం ఇద్దరమే. నేనొకతిని, గొర్లు కాసే వాళ్లింటి పిల్ల ఒకతి. ఆ పిల్లకు పసితనంలో అమ్మవారు పోసి ఎడమ కన్ను పోయింది. సారు మమ్మల్నిద్దరినీ ఒకే గోనెపట్టా మీద కూర్చోబెట్టాడు. నేను ఇంటికి వెళ్లి ఏడ్చాను. ఒంటికన్ను దాని పక్కన కూర్చుంటే చదువు అబ్బదని అవ్వ అననే అంది. నెల రోజులు సగం పట్టా మీద, సగం మట్టిలో కూర్చున్నాను.

కానీ పొద్దస్తమానం పక్కనే ఉన్న మనిషికి ఎన్నాళ్లని ఎడంగా ఉంటాం? నేను ఆమెకు ఎడమ పక్కన కూర్చునేదాన్ని. నాతో మాట్లాడాలంటే తల మొత్తం నావైపు తిప్పాలి. మగ్గాల చప్పుడులో పెరిగిన నాకు, నా మాటను అంత శ్రద్ధగా వినే మనిషి అంతకు ముందు దొరకలేదు. లెక్కల్లో నాకంటే చురుకు. సాయంత్రం మంద ఇంటికి వస్తుంటే వాళ్ల నాయిన కంటే ముందే గొర్లను లెక్కపెట్టేసేది. ఎట్లా అని అడిగాను.

"రెండు కండ్లుంటె రెండుసార్లు లెక్కవెట్టాలె. నాకు ఒక్కసారికే ఒడుస్తది" అంది.

పడీ పడీ నవ్వాను. మర్నాటి నుంచి పట్టా మధ్యలోకి జరిగాను. ఎవడైనా ఆమెను వెక్కిరిస్తే వాడి వీపు మీద నా పలక పగిలేది. పలకలు కొనలేక నాయిన తల పట్టుకున్నాడు.

కలిసి బడికి నడవడం మొదలుపెట్టాకే ఒక విషయం నా కంటబడింది. దారిలో ఎవరైనా సంచి పట్టుకుని ప్రయాణమై వస్తుంటే ఆమె చప్పున పక్క సందులోకి తప్పుకుని, ముఖం గోడకు పెట్టి నిలబడేది. ఆ మనిషి దాటిపోయాక వచ్చి, ఆపిన మాట ఆపిన చోటి నుంచే అందుకునేది. పొద్దున మా వీధిలో మగ్గానికెక్కించే పడుగు నూలు సాగదీసే వేళకైతే ఇటు రాకుండా చుట్టుదారిన పోయేది. ఎవరూ కసరనక్కర్లేదు, తనే తప్పుకునేది. నాకు ఒళ్లు మండేది. ఒకరోజు చెయ్యి పట్టి గుంజాను.

"గోడకెందుకు తిరుగుతవే? నువ్వేం జేసినవ్?"

"వాళ్లకు మంచిగైతె కానియ్యి. నాకేం తక్కువైతాంది?"

"నాకు ఎదురొస్తె గూడ గట్లనే తిరుగుతవా?"

ఆమె చెయ్యి విడిపించుకోబోయింది.

"నా ముంగట తిరుగనని ఒట్టు వెయ్యి" అన్నాను. నా నెత్తి మీద చెయ్యి పెట్టి వేసింది. ఎంత గొప్పదాన్నో అని వారం రోజులు నాకు నేనే మురిసిపోయాను.

ఏడో తరగతి పరీక్ష నకిరేకల్‌లో పడింది. తప్పితే బడి బంద్, ఇక కండెల రాట్నమే గతి అని నాయిన ముందే చెప్పాడు. ఆ పొద్దున సిరాబుడ్డి మూత నాలుగుసార్లు తీసి చూసుకున్నాను. అమ్మ నా నోట్లో పెరుగూ చక్కెరా పెట్టి పెరట్లోకి వెళ్లింది. నేను గడప దాటాను.

ఎదురుగా ఆమె. నన్ను పిలవడానికి వస్తోంది. నూనె రాసి జడ బిగించి వేసుకుంది. నన్ను చూసి సందులోకి తప్పుకోలేదు, గోడకు తిరగలేదు. నడివీధిలో నవ్వుతూ నేరుగా వస్తోంది.

ఎదురు బాగాలేకపోతే మా దగ్గర ఇంట్లోకి వెళ్లి, కాళ్లు కడుక్కుని, గుక్కెడు నీళ్లు తాగి, కాసేపు కూర్చుని మళ్లీ బయల్దేరతారు. అవ్వ అక్కడ లేదు. నాతో ఎవరూ ఏమీ అనలేదు. నేనే వెనక్కి తిరిగాను. కాళ్లు కడుక్కున్నాను, నీళ్లు తాగాను, పీట మీద కూర్చున్నాను. కూర్చున్నంతసేపూ నా మోకాలు ఆడుతూనే ఉంది.

బయటికి వచ్చేసరికి ఆమె ఎదురింటి గోడకు ముఖం పెట్టి నిలబడి ఉంది.

"పోదాం రా" అన్నాను.

"నీళ్లు తాగినవ్ గద, ఇగ పో. నేను ఎన్కనుంచి వస్త" అంది. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. రెండు మైళ్లూ ఇరవై అడుగులు వెనకే నడిచింది. నేను ఆగితే ఆగింది.

ఇద్దరం పాసయ్యాం. తర్వాత కూడా నాతో మాట్లాడింది, నవ్వింది, కలిసి రేగుపళ్లు ఏరుకున్నాం. ఆ రోజు సంగతి నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. నా పెళ్లయి మక్తల్‌కు అత్తగారింటికి బయల్దేరిన రోజు, సాగనంపడానికి వాడకట్టంతా బస్సు దగ్గరికి వచ్చింది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి ఆమె కోసం వెతికాను. రాలేదు. నా మంచి కోరే రాలేదని నాకు తెలుసు.