మూడేసి మాత్రల పాదం

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా తెలుగు చర్చిలో కవితలు రాసేది నా స్నేహితురాలొక్కతే, మాత్రలు లెక్కపెట్టేది నేనొక్కదాన్నే. ఆవిడ నర్సు, నేను తెలుగు టీచర్ని. ఏది రాసినా నాకు పంపేది. నేను ప్రింటు తీసి, పెన్సిలుతో గీతలు పెట్టి, ప్రాస కుదరని చోట సున్నా చుట్టి ఇచ్చేదాన్ని. ఆదివారాలు పక్కపక్కనే మోకరించి ఒకరి కోసం ఒకరం ప్రార్థన కూడా చేసుకునేవాళ్లం.

కిందటి ఈస్టరుకు ముందు కొత్త కవిత పంపింది. "వానలు వెలిసిన వీధుల వెంబడి" అని మొదలైంది. నాలుగేసి మాత్రల నడక, శుభ్రంగా ఉంది. అంత్యప్రాసలు ఈసారి అతికించినట్టు లేవు. కానీ ప్రతి చరణం చివరా ఒకే పాదం మళ్లీ వస్తోంది, అక్కడ నడక మారిపోతోంది. ఎందుకా అని వేళ్లు మడుస్తూ పైకి చదివాను. తలుపు, తీయ, లేదు, నేను. అన్నీ మూడేసి మాత్రలు.

అది నా మాట. తాగి వచ్చిన నా తమ్ముడు ఒక మధ్యాహ్నం మా తలుపు కొట్టి కొట్టి వెళ్లిపోయాడు. సాయంత్రానికి కె.ఆర్.పురం రైల్వే స్టేషన్లో బెంచీ మీద ప్రాణం పోయి ఉన్నాడు. ఆ పూట నేను ఇంట్లో లేనని వాడి భార్యకు, నా మరదలికి చెప్పాను. నిజం చెప్పుకున్నది దేవుడికీ, నా పక్కన మోకరించిన ఈవిడకీ.

ఫోన్ చేసి ఆ పాదం తీసెయ్యమన్నాను.

"కవితంతా ఆ లైను మీదనే నిలబడి ఉండాది కదక్కా! నీ పేరు యాడా రాయలేదు కదా?" అంది.

ఒళ్లు మండిపోయింది. నమ్మి చెప్పుకున్నదాన్ని పల్లవి చేసుకుని కూర్చుంది. ఇంకా మంట ఏమిటంటే, ఆవిడన్నది నిజం. నాలుగు మీద సాఫీగా నడిచే కవిత మూడులోకి తడబడ్డప్పుడే మనసు చివుక్కుమంటుంది. ఆ కిటుకు నేర్పింది నేనే.

పండగనాడు చర్చిలో చదివింది. తలుపు కొట్టింది యేసుప్రభువే అనుకున్నారు అందరూ. మా వాళ్లకు పల్లవి దొరికితే ఊరుకోరు, పాటలాగా అందుకుంటారు. మూడోసారికి హాలంతా గొంతు కలిపింది. నా పక్కన మరదలు కూడా కళ్లు తుడుచుకుంటూ అంటోంది.

ఆమె నా మోచేయి తట్టింది. "ఎంత బాగుందో వదినా," అంది. "మీరూ అనండి."