అరచేయంత నీలం

మా నాయనది ఆదోనిలో బట్టల అంగడి. ఊరికే ఇచ్చేదాన్ని కూడా బేరమాడించి ఇస్తే, తీసుకున్నవాడు భద్రంగా దాచుకుంటాడనేది ఆయన సిద్ధాంతం. ఆ విద్యను నేను చర్చిలో వాడాను.

పాత కట్టడాల మరమ్మతు చదివే రోజుల్లో, మా తరగతిని ఎమ్మిగనూరు దారిలోని ఒక పాత చర్చికి పంపారు. చెక్క బలిపీఠం నిండా నీలం ఆయిల్ పెయింటు, పొర మీద పొర. ఏటా క్రిస్మస్‌కు ముందు ఒక పూత వేయడం అక్కడి కాపలాదారుడి ఆనవాయితీ. ఆయన పోయాడు. భార్య, ముసలావిడ, ఇంకా అక్కడే ఊడుస్తోంది. ఆమె సరేననందే రంగు ముట్టుకోవద్దన్నారు చర్చి పెద్దలు.

“మా ఆయప్ప సేతి రంగప్పా అది. ఇంట్లో ఫోటో గూడా ల్యాదు. ఉండనీయండి,” అంది.

మా పనిలో ఒక నియమం ఉంది. తీసేసే పొరలో అరచేయంత ముక్కను సాక్ష్యంగా వదిలి తీరాలి. ఆ సంగతి నేను చెప్పలేదు.

“బొటనవేలంత వదుల్తాం, అవ్వా.”

“మూరెడన్నా వదలప్పా.”

“మూరెడా! అయితే పోతాం. చెదలు తింటాంటే నువ్వే సూసుకో.”

గుమ్మం వైపు రెండడుగులు వేశాను. మూడోది పడకముందే పిలిచింది. అరచేయంత దగ్గర బేరం తెగింది. ఆమె నా చేతులు కళ్లకద్దుకుంది. నేను అద్దుకోనిచ్చాను.

నెల రోజులు గీకాం. కింద ఒకప్పుడు బంగారు రేకుతో చేసిన ద్రాక్షతీగలు ఉండేవి. ఇప్పుడు జాడలే మిగిలాయి. రంగు బాగా పట్టాలని కాపలాదారుడు మొదటిసారే గరుకు ఉప్పు కాగితంతో రుద్దేశాడు.

చివరి రోజు మా మాస్టారు, చూడవచ్చిన జనాన్ని ఆ నీలం ముక్క ముందు నిలబెట్టి, “తెలియనితనం ఎంత పని చేస్తుందో దీన్ని చూస్తే చాలు,” అన్నారు. పక్కన అదే మాటతో చిన్న పలక.

“యా గాడిద కొడుకు పూసినాడప్పా?” అన్నారెవరో. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ముసలావిడ చీపురుతో మూలన నిలబడి ఉంది.

జనం పోయాక వచ్చింది. “అది గూడా గీకేయప్పా. నీ కాళ్లు పట్టుకుంటా.”

“నువ్వే గదా అవ్వా పట్టుబట్టి వదలమన్యావు? ఇంగ ముట్టేకి ల్యాదు. రూలు.”

ఆ రూలు మొదటి నుంచీ ఉందని అప్పుడూ చెప్పలేదు.

మరుసటి క్రిస్మస్‌కు వెళితే, ఊడ్చేది వేరే మనిషి. అవ్వ ప్రార్థనకు కూడా లోపలికి రాదట. బయట మెట్టు మీద కూర్చుని ఉంది.

“ఉండాదా ఇంకా?” అని అడిగింది.

“ఉండాది, అవ్వా. భద్రంగా.”