తడిసిన మొహం

నన్ను బతికించిన మనిషి మొహం చూస్తే నాకు భయం. ఈ ముక్క రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నది అబద్ధాలు రాయడానికి కాదు.

తొంభైల్లో ఒక ఏడు, గోదావరికి వరద ఎర్రనీళ్లు తగిలిన రోజులు. ఏటి మధ్య లంక మునిగేలోపు అక్కడి వంకాయలు కోసేద్దామని నేనూ మా చెల్లెలూ వెళ్లాం. తిరిగొస్తుంటే కపిలేశ్వరపురం రేవు కనబడేంత దూరంలో పడవ తిరగబడింది. పడవ నడిపే అతను నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగాడు. కళ్లు తెరిస్తే ఎదురుగా అతని మొహం. జుట్టు నుదుటికి అంటుకుపోయి, కనుబొమల మీంచి నీళ్లు కారుతూ. "రెండో ఆవిడేరండీ?" అని అరుస్తున్నాడు. మా చెల్లెలు దొరకలేదు.

అందులో అతని తప్పేమీ లేదు. ఆ సంగతి నాకు తెలుసు, నా ఒంటికి తెలీదు. అతను ఎదురుపడితే పక్క సందులోకి తప్పుకునేదాన్ని. అతను పడవ మానేసి రేవు దారిలో టీ బడ్డీ పెట్టుకున్నాడు. నేను తప్పుకుపోవడం చూసి, తనమీదే నేరం మోపుతున్నానని కుమిలిపోతున్నాడట. వాళ్లావిడ వచ్చి చెప్పి ఏడ్చింది.

మా అత్తగారు తేల్చేశారు. "ఎవర్ని చూసి దడుచుకున్నావో ఆళ్ల చేతి నీళ్లు తాగాలే. దడుపు దానంతటదే పోద్ది. పద!"

బడ్డీ ముందు తల వంచుకుని మంచినీళ్లు అడిగాను.

"నీళ్లెందుకండీ అక్కగారూ, టీ తాగండి. బాగోపోతే నా మొహాన కొట్టండి," అన్నాడు.

"ముందు దాన్ని నీ మొహం చూడనియ్యరా!" అన్నారు అత్తగారు.

ఆనాటి నుంచి రోజూ వెళ్లాను. మొదట్లో గ్లాసు వంకే చూసేదాన్ని. తర్వాత అతని చేతులు, ఆ తర్వాత గడ్డం. కొన్నేళ్లకి మొహం మామూలు మొహంలాగే కనబడింది. "మా టీతో అక్కగారి భయం పోయిందండోయ్!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. నేనూ నవ్వేదాన్ని. పోయిందనే అనుకున్నాను.

రెండువేల సంవత్సరం దాటాక ఒక సాయంత్రం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అతను బయటికెళ్లి బడ్డీమీద బరకం పట్టా కట్టి, "టీ ఇమ్మంటారా అక్కగారూ?" అంటూ నావైపు తిరిగాడు. జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది. కనుబొమల మీంచి నీళ్లు కారుతున్నాయి.

చెల్లెల్ని పేరుపెట్టి కేకేశాను. అక్కడే కూలబడిపోయాను.

లంకమీద ఏటా కొత్త ఒండ్రు పడుతుంది. పాత నేల ఎక్కడికీ పోదు, కిందే ఉంటుంది. నేను అన్నేళ్లు తాగిన టీ కూడా ఒండ్రే.

ఎవరూ చెప్పకుండానే అతనికి అర్థమైంది. తువ్వాలుతో మొహం గట్టిగా, మళ్లీ మళ్లీ తుడుచుకున్నాడు.

"ఆయ్, తుడిచేసుకున్నానండి. ఒక్కసారి ఇటు చూడండి అక్కగారూ," అని బతిమాలాడు.

తలెత్తుదామని చూశాను. మెడ నా మాట వినలేదు.