మట్టితో కట్టిన ఇల్లు

మా బావ తాపీ మేస్త్రి. ఊళ్లో సగం మేడలు ఆయన చేతి మీదుగా లేచినవే. తన ఇంటికి మాత్రం ఇటుకల మధ్య సిమెంటు చెంచాడైనా పెట్టలేదు. అంతా మట్టే.

కారణం స్థలం. మా వీధంతా సర్కారు భూమి, ఇళ్ల కోసం ముప్పై ఏళ్ల లీజుకిచ్చింది.

"నేల వాళ్లది, ఇటుక నాది. పొమ్మన్న రోజున విప్పుకుని పోతా. సిమెంటు పెడితే ముక్కలే మిగుల్తాయి" అనేవాడు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నాతో సహా అందరం ఆ లీజు స్థలాల్లోనే స్లాబులు పోసుకున్నాం. ఆయనకు 'మట్టి మేస్త్రి' అని పేరు పడింది.

నవ్వేవాళ్ల మీద కంటే ఆయన మీదే నాకు మండేది. ఆ ఇంట్లో ఉన్నది మా అక్క. వానొస్తే గోడలు చెమ్మెక్కేవి, బట్టలన్నీ మంచం మీదికి చేర్చుకునేది.

"ఊరందరికీ నున్నగా మెత్తుతారు కదండీ, నాకు పొయ్యి వెనక గోడొక్కటి సిమెంటు చెయ్యండి" అని అడిగేది.

"లీజు మళ్లీ రానీ, ఇల్లంతా చేస్తా."

ఆ మాట పట్టుకునే ముసలిదైపోయింది.

గడువు తీరింది. లీజు పొడిగించే ముందు ఇళ్లు చూడటానికి సర్వేయరు వచ్చాడు. బావ ఇంటి గోడను గోరుతో గీరాడు. మట్టి రాలింది.

"ఇది తాత్కాలిక కట్టడం. పక్కా ఇల్లున్నవాళ్లకే మళ్లీ లీజు."

"ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా!" అన్నాను.

"కట్టుకోమనే కదా స్థలమిచ్చింది?" అన్నాడు సర్వేయరు.

"మీ సొత్తని పక్కాగా కట్టలేదు బాబూ" అన్నాడు బావ. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

పరాయి నేలను సొంతమనుకున్న మా అందరికీ దక్కింది. పరాయిదని గుర్తుంచుకున్నవాడికి పోయింది. ఆయన ముందుచూపు నాలుక గీసుకోవడానికైనా పనికిరాలేదు.

ఇల్లు విప్పాం. తాపీ మొనతో తడితే చాలు, ఇటుకలు చేతిలోకి వచ్చేశాయి. రోడ్డు పక్కన వరస తప్పకుండా పేర్చి, "చూశావా, ఒక్కటీ విరగలేదు" అన్నాడు అక్కతో.

అక్క గిన్నెల మూట మీద కూర్చుని ఉంది. "మీ ఇటుకలకి చోటు దొరికిందండీ. మరి నాకో?"

ఇద్దరినీ మా ఇంటికే తీసుకొచ్చాను. అక్క నేరుగా వంటింట్లోకి పోయి, పొయ్యి వెనక సిమెంటు గోడ మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. ఆ గోడ కట్టింది బావే. ఆయన గుమ్మం దాటి లోపలికి రాలేదు.