ముప్పావు రాసిన పిల్లలు

"నేను చదువు మానేస్తాను మిస్" అంది ఆ పిల్ల, స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి. తమిళంలోనే అంది. విరుదునగర్‌లో మా కాలేజీలో అందరం మాట్లాడేది తమిళమే, ఇంట్లో మాది తెలుగే అయినా. నేను డిగ్రీ రెండో సంవత్సరం వాళ్లకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆ పిల్ల అరుప్పుకోట్టై బస్సులో వచ్చే నేతింటి అమ్మాయి. ఇంటర్నల్ పరీక్ష పేపర్లు ఆ శుక్రవారమే పిల్లలకు చూపించి వెనక్కి తీసుకున్నాను. ఒక్క లెక్క తప్పు కావడంతో ఆ పిల్ల పాస్ మార్కుకు కాస్త కిందే ఆగిపోయింది. ఇంతకు ముందు పరీక్షలోనూ అదే కథ.

"మానేసి ఏం చేస్తావు?"

"ఇంట్లో మగ్గాలున్నాయి మిస్. నాకు లెక్క రాదు. నా తలకు ఎక్కే చదువు కాదిది."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "తిక్క తిక్కగా మాట్లాడావంటే ఊరుకోను. సోమవారం రా, అప్పుడు చూద్దాం" అని కసిరి పంపించేశాను. పంపాను గానీ మనసు పీకుతూనే ఉంది. ఇలా చెప్పి వెళ్లిన పిల్లలు సోమవారం రాకపోవడం నేను చూశాను.

ఆ తప్పిన లెక్క నేను రాసిందే. పుస్తకాల్లో ఎప్పుడు చూసినా నాణేలూ, పాచికలూ, సంచిలో ఎర్ర బంతులూ. ఎర్ర బంతుల సంచి మా జిల్లాలో ఎవరింట్లో ఉందండీ? అందుకని మన ఊళ్ల సంగతి పెడదామని మగ్గం లెక్క రాశాను. ఒకామె రెండు మరమగ్గాలు చూసుకుంటుంది. ఒక గంటలో ఒక్కో మగ్గంలో దారం తెగే అవకాశం సగం. తెగితే మగ్గం ఆపాలి. ఆ గంటలో రెండు మగ్గాలూ ఆగే అవకాశం ఎంత? సగంలో సగం, పావు. అంతే. భలే రాశానని నాలో నేనే మురిసిపోయాను కూడా. మాది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి ఊరు. పత్తి తీసేదాకా నన్నడగండి, ఏదైనా చెబుతాను. ఆ పత్తి గుడ్డయ్యే సంగతి మాత్రం నాకేం తెలుసు!

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంటర్నల్ అయ్యాక ఏ పిల్ల ఏ ప్రశ్నకు ఎంత తెచ్చుకుందో కంప్యూటర్లో ఎక్కించాలి. బాగా వచ్చినవి పచ్చగా, రానివి ఎర్రగా కనబడతాయి. తనిఖీకి వచ్చేవాళ్లు అడుగుతారు కాబట్టి ఎక్కిస్తాం. ఎర్రగా ఉన్న చోట 'మళ్లీ బోధించడమైనది' అని ఒక ముక్క రాసి మూసేస్తాం. దాన్నుంచి ఎవరైనా ఏమైనా నేర్చుకున్నారా అంటే, దేవుడికే తెలియాలి. ఈసారి ఆ ఎరుపు చూసి మా హెడ్డు సారు ఒక ఉపాయం చెప్పారు. సోమవారం మీటింగులో ఈ కథ లెక్కలన్నీ తీసేద్దాం, సూత్రాలు మాత్రం ఉంచుదాం, పాసయ్యేవాళ్లు పెరుగుతారు అని. ఆయన చెడ్డ మనిషి కాదు. పిల్లలు గట్టెక్కాలనే ఆయన బాధ.

ఆ సాయంత్రం కోవిల్‌పట్టి రైలుకు ఇంకా టైముంది. పేపర్ల కట్ట ముందేసుకుని మగ్గం లెక్క ఒక్కటే తిరగేయడం మొదలుపెట్టాను. తప్పు రాసినవాళ్లు ఏం రాశారు? ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నేను వేసుకోనే లేదు. తప్పంటే తప్పే కదా, కొట్టేసి ముందుకు పోవడమేగా!

మొదటి పేపర్లో ముప్పావు. రెండో దాంట్లోనూ ముప్పావు. ఆ తరువాతిదీ ముప్పావే. ఓహో, కాపీ కొట్టారన్న మాట! ఒళ్లు మండిపోయింది. రానీ సోమవారం, ఒక్కొక్కరి తోలు తీస్తానని పళ్లు నూరుకున్నాను. తీరా చూస్తే వాళ్లు కూర్చున్నది వేరే వేరే హాళ్లలో. కాపీ కాదు. సరే, 'రెండూ' అన్న దానికీ 'ఏదో ఒకటైనా' అన్న దానికీ తేడా తెలియక తికమకపడ్డారు అనుకున్నాను. అదే పేపర్లో పైనున్న పాచికల లెక్కలో సరిగ్గా ఆ తేడానే అడిగాను. చూద్దును కదా, వీళ్లంతా దాన్ని చక్కగా చేశారు. మరేమిటిది?

పేర్లు చూశాను. అంతా ఆ అరుప్పుకోట్టై బస్సు పిల్లలే. మగ్గాల ఇళ్ల పిల్లలే. ఊళ్లోవాళ్లూ, సాత్తూరు వైపు వాళ్లూ చాలామంది పావు రాశారు. ఇంతమంది ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఒకే తప్పు చేశారంటే, అది తప్పే అయ్యుండదు. వాళ్లకు తెలిసిందేదో నాకు తెలియడం లేదు. రైలు ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా చూసుకోలేదు, బస్సులో నిలబడి ఇల్లు చేరాను. శనాదివారాలూ అదే ధ్యాస. ఆ పిల్ల వస్తుందా, రాదా?

వచ్చింది. ఫీజు రసీదూ సర్టిఫికెట్లూ సంచిలో పెట్టుకుని, చదువు మానేయడానికే వచ్చింది. "అవన్నీ తరువాత. ముందు ఈ ముప్పావు ఎట్లా వచ్చిందో చెప్పు" అన్నాను. పిల్ల గుమ్మం వైపు చూసింది. మళ్లీ తిడతానని భయం. ఇంతలో ఆమె ఫోను మోగింది. చాటుకు తిరిగి, "ఈడనే ఉండానమ్మా, మిస్సుతో మాట్లాడతా ఉండాను" అంది.

"ఓసి నీ! మనోళ్ల పిల్లవా నువ్వు! తెలుగులో చెప్పవే!"

ఆ పిల్ల మొహం విప్పారింది. అప్పుడు చెప్పింది. "ఒగామె కదా మిస్ రెండూ చూసేది. ఒగదాంట్లో దారం తెగితే మా అమ్మ వెనక్కి పొయ్యి ముడెయ్యాల. అప్పుడు ఆ రెండోదాన్ని ఎవరు చూస్తారు? మావి పాత మగ్గాలు, తెగినా వాటంతటవి నిలవవు. గుడ్డ పాడైపోతాది. అందుకని దాన్నీ ఆపేసి పోతాది. ఏది తెగినా రెండూ ఆగాల్సిందే. రెండిట్లోనూ తెగకపోతేనే రెండూ ఆడతాయి, అది పావు. మిగిలిందంతా ఆగేదే, ముప్పావు."

నిజమే కదా! నూటికి నూరుపాళ్లూ సరైనదే! ఒకామె అని రాసింది నేనే. ఆ ఒక్క మాటలో ఏముందో నాకు తెలియలేదు, వీళ్లకు చదవగానే తెలిసిపోయింది. అంతటితో ఆగిందా ఆ పిల్ల! "పావు ఎప్పుడొస్తాది మిస్, నేనూ మా అమ్మా చెరొక మగ్గం ముందర నిలబడితే. అప్పుడు దాని పాటికి అది, దీని పాటికి ఇది" అంది. ఒక క్షణం ఆలోచించి, "కరెంటు పోతే ఇద్దరముండినా రెండూ నిలిచిపోతాయి. అది ఇంకో లెక్క" అంది.

దాని పాటికి అది, దీని పాటికి ఇది. ఒకటి జరగడం రెండోదాన్ని తాకనప్పుడే రెండు అవకాశాలను గుణించాలని నేను వారాల తరబడి బోర్డు ముందు గొంతు చించుకున్నది ఇదే. గుణించడం నేర్పాను గానీ, ఎప్పుడు గుణించకూడదో అడగడం నేర్పలేదు. వాళ్లు ఇంట్లో నేర్చుకుని వచ్చినదానికి మేము ఎర్ర రంగు వేసి పెట్టుకున్నాం. ఆ పిల్లకు దండం పెట్టాలనిపించింది, ఉత్తమాటకు చెప్పడం లేదు.

ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మీటింగుకే లాక్కెళ్లాను. హెడ్డు సారు కనుబొమలు ఎగరేశారు. "స్టూడెంటు ఇక్కడికెందుకమ్మా?" "ఐదు నిమిషాలు వినండి సార్, తరువాత నన్ను తిట్టండి" అన్నాను. ఆ పిల్ల బోర్డు మీద రెండు డబ్బాలు గీసి, ఈసారి తమిళంలో, తడబడకుండా చెప్పింది. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకుని, కరెంటు సంగతి ఇంకోసారి చెప్పమన్నారు. మొత్తం విన్నాక, "కథ లెక్కలు తీసేయొద్దు. ఈ పాఠం ఇకమీదట ఈ మగ్గంతోనే మొదలవ్వాలి. ముప్పావు రాసినవాళ్లందరికీ మార్కులు వేసేయండి" అన్నారు. ఆ మనిషి అంత తొందరగా ఒప్పుకుంటారని నేను కలలో కూడా అనుకోలేదు.

బయటికొచ్చాక, "మార్కులు వచ్చేశాయి, పాసయ్యావు పాపా" అన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. వేళ్లకంటిన సుద్దను చూసుకుంటూ నిలబడింది. ఆమెకు కావలసింది మార్కులు కావని అప్పుడర్థమైంది నాకు.

"అట్లయితే నాకు లెక్క వస్తాదా మిస్?"

"వస్తాది పాపా. నీకు ఎప్పుడో వచ్చింది. మాకే తెలియలా" అన్నాను.

ఆ తరువాతి గంట నాదే. నేను కళ్లు తుడుచుకుని, మొహం కడుక్కుని వెళ్లేసరికి ఆ పిల్ల నాకంటే ముందే క్లాసులో కూర్చుని ఉంది.